ఎక్కకుండానే నడిచిన ఆరు కంప్యూటర్లు

కొత్తగా ఉద్యోగంలో చేరిన పిల్లలెవరైనా కనిపిస్తే నేను జీతమెంత అని అడగను. "మీ ఆఫీసులో అందరికంటే భయస్తులెవరు?" అని అడుగుతాను. వాళ్ళు మొహమొహాలు చూసుకొని నవ్వుతారు. రిటైరయ్యాక ఈవిడకు కొంచెం బుర్ర తిరిగిందేమో అనుకుంటారు కాబోలు. అనుకోనివ్వండి, నాకేం? మా బడిలో అలాంటి భయస్తురాలు ఒకావిడ ఉండేది. ఆవిడ పుణ్యమా అని ఒక శనివారం పొద్దున నా ఉద్యోగమంతా నా కళ్ళముందే గంగలో కలిసినట్టయింది. ఆ సంగతే చెబుతాను.

హైదరాబాదు పాతబస్తీలోని జహనుమాలో ఒక ఆడపిల్లల బడిలో నేను టైపు నేర్పడానికి చేరాను. మాది బహదూర్‌పురాలో బర్రెలున్న ఇల్లు. తెల్లారి పాలు పోయించి, స్నానం చేసి, బస్సెక్కి బడికి వచ్చేదాన్ని. గొంతు మాత్రం కొట్టంలో బర్రెల్ని అదిలించే గొంతే ఉండిపోయింది. నేను క్లాసులో పాఠం చెబితే వీధి చివర పాన్ డబ్బా వాడికి కూడా టైపు వచ్చేసి ఉంటుందని మా లెక్కల సారు వెక్కిరించేవాడు. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాయి. నేను కంప్యూటర్ టీచర్నయ్యాను. గొంతు మారలేదు.

రిటైరయ్యే సంవత్సరం వచ్చేసరికి ఆ గదిలో ఆరు కంప్యూటర్లు మిగిలాయి. ఒక్కోటి తెరుచుకునేలోగా పిల్లలు ప్రార్థన చేసి, హాజరు పలికి, నీళ్ళు తాగి రావచ్చు. కొత్త విండోస్ వాటిలోకి ఎక్కదు. పాతది ఉంచితే వైరస్‌లు. ఈలోగా పైనుంచి కబురొచ్చింది. యంత్రాలు పనికిరానివైతే తుక్కు కింద తీసేస్తారట, గదిని మధ్యాహ్న భోజనం బియ్యం బస్తాలకు ఇస్తారట. నేను దిగిపోయాక నా పోస్టులోకి ఇంకెవరినీ వేయరన్నది ముందే తేలిపోయింది. ఒక ఆఫీసరు వచ్చి చూసి నిర్ణయం రాస్తాడు, అంతే.

మా హెడ్మిస్ట్రెస్ మేడమ్ నన్ను పిలిచి నెమ్మదిగా చెప్పింది. "చూడమ్మా, ఆయనకు రెండు కావాలె. ఒకటి, మిషన్లు నడుస్తున్నయని కండ్లతోని చూడాలె. రెండోది, నువ్వు పోయినంక నడిపేటోళ్ళు ఎవరని అడిగితే జవాబుండాలె. లేకపోతే తాళమే."

మా బడి పిల్లల ఇళ్ళలో చాలావాటిలో ఒక్కటే ఫోను. అది నాన్న జేబులోనో అన్న చేతిలోనో ఉంటుంది. ఆ గది మూస్తే వాళ్ళ వేళ్ళకు మీట అనేది తగిలే చోటే ఉండదు. నాకు ఏడుపొచ్చింది. ఏడుపొస్తే నేను ఏడవను, ఎవరినో ఒకరిని తిడతాను. ఆ రోజు వాచ్‌మన్ చాచా దొరికాడు. పాపం, ఆయన చేసిన తప్పల్లా గేటు తీయడం.

విండోస్ బదులు వాడుకోగల లినక్స్ సంగతి అంతకుముందు చదివి ఉన్నాను. డబ్బు కట్టక్కర్లేదు, పాత యంత్రాల్లో కూడా నడుస్తుంది. అందులో రకరకాలున్నాయి. కొత్తవాళ్ళకు తేలికని అందరూ చెప్పే రకం ఒకటి దింపుకొని, పెన్‌డ్రైవ్‌లో పెట్టి మా ఇంట్లో ఉన్న పాత కంప్యూటర్‌కు తగిలించాను. దానిలో నాకు నచ్చిన మర్యాద ఏమిటంటే, వచ్చీ రాగానే ఇల్లు ఆక్రమించదు. పెన్‌డ్రైవ్ మీదనుంచే నడిచి చూపిస్తుంది. నచ్చితే తెర మీదున్న ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కి లోపలికి ఎక్కించుకోవచ్చు. నచ్చకపోతే పెన్‌డ్రైవ్ పీకేసి ఊరుకోవచ్చు, కంప్యూటర్ ఎప్పటిలాగే ఉంటుంది. కింద ఎడమ మూలన మెనూ, పిల్లలకు అలవాటైన చోటే అన్నీ ఉన్నాయి. నా డొక్కు కంప్యూటర్ లేచి పరిగెత్తింది. నాకు పట్టరాని సంతోషం వేసింది. మా తమ్ముడి పెళ్ళాన్ని పిలిచి చూపించాను. "మంచిగుంది వదినా" అని పొయ్యి మీద పాలు పొంగుతాయని వెళ్ళిపోయింది.

ఆరు యంత్రాలు, ఆరు పెన్‌డ్రైవ్‌లు ఉంటే అన్నిటినీ ఒకేసారి ఎక్కించేయవచ్చు. నా దగ్గర రెండున్నాయి. మిగతావి స్టాఫ్‌రూములో అడుక్కున్నాను. హెడ్మిస్ట్రెస్ ఒకటిచ్చింది, సైన్సు టీచర్ ఒకటి, ఆటల టీచర్ ఒకటి. లెక్కల సారు తనది తీసి బల్ల మీద గిరాటేశాడు.

"సార్, ఇందులో ఏమన్నా ఉంటే ఇప్పుడే చెప్పండి. నేను పెట్టేది పెడితే ఉన్నదంతా తుడుచుకుపోతుంది."

"ఏం లేదు మేడమ్, ఖాళీ డబ్బ. జల్ది కానియ్యుండ్రి."

"మళ్ళీ ఒకసారి చూసుకోండి."

"అరె, లేదంటున్న గదా!"

సరేనని కానిచ్చాను. మధ్యాహ్నం అన్నం తింటూ తింటూ ఆయన ముద్ద చేతిలో పట్టుకొని ఆగిపోయాడు. "అర్రెర్రే! నా ఘజళ్ళు!" ఆయన ఎన్నో ఏళ్ళుగా పోగేసుకున్న ఘజల్ పాటలన్నీ అందులోనే ఉన్నాయట. ఇక చూడాలి ఆ మనిషి గోల! వారం రోజులు స్టాఫ్‌రూములో అదే లొల్లి. టిఫిన్ డబ్బా తెరిస్తే ఘజళ్ళు, మూస్తే ఘజళ్ళు. "ఒక్కటంటే ఒక్కటి మిగల్లే మేడమ్, మొత్తం సాఫ్!" అని చేతులు తిప్పి చూపించేవాడు. మేమంతా నవ్వాం. ఒక్కావిడ మాత్రం నవ్వలేదు. చెంపన చెయ్యి పెట్టుకొని, కళ్ళు పెద్దవి చేసి వింటూ కూర్చుంది.

ఆవిడే మా ఉర్దూ టీచర్. బడి మొత్తం ఆవిడను ఆపా అనేది. నాకంటే చాలా చిన్నది, నన్ను అక్కా అనేది. నేనూ అందరిలాగే ఆపా అనేదాన్ని. ఆపా అన్నా అక్కే కాబట్టి ఒకరికొకరం అక్కలమై అన్నేళ్ళు గడిపాం. చక్కని మనిషి, శుభ్రమైన ఉర్దూ. నాతో మాట తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగించేది. భయం మాత్రం ఇంతా అంతా కాదు. ఆసుపత్రిలో లిఫ్ట్ మీట తను నొక్కదు, ఇంకెవరైనా వచ్చేదాకా నిలబడుతుంది. ఎవరూ రాకపోతే మెట్లెక్కుతుంది.

నా కంప్యూటర్ గది పక్కనే ఆవిడ క్లాసు. ఎప్పుడూ గడప దాటేది కాదు. ఒక రోజు తొమ్మిదో తరగతి పిల్ల ఒకతె పెన్‌డ్రైవ్ మీద నడుస్తున్న యంత్రంలో భాష మార్చి ఉర్దూలో టైపు చేస్తోంది. నేను ఆపాను చెయ్యి పట్టుకొని లాక్కొచ్చి చూపించాను. అక్షరాలు కుడినుంచి ఎడమకు ఒకదానికొకటి కలుస్తూ వస్తుంటే ఆవిడ కళ్ళద్దాలు తీసి, తుడుచుకొని, మళ్ళీ పెట్టుకుంది.

"ఇది మన మిషనేనా అక్కా?"

"మనదే. ఇన్నాళ్ళూ మనకు చేతగాలే."

"నేను ముట్టుకుంటే ఏమైతది?"

"అక్షరం పడుతది, ఇంకేమైతది!"

ఒక్క వేలితో తన పేరు టైపు చేసింది. మొహమంతా వెలిగిపోయింది. మర్నాడు పిలవకుండానే వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. పిల్లలు ఆవిడకు నేర్పుతుంటే నేను వినీ విననట్టు కూర్చునేదాన్ని. ఆఫీసరు అడగబోయే రెండో ప్రశ్నకు జవాబు దొరికిందేమో అని లోపల ఆశ పుట్టింది. పైకి అనలేదు. అంటే పారిపోయే మనిషి.

సరిగ్గా ఆఫీసరు వచ్చే వారంలోనే మా అత్తగారి కంటికి ఆపరేషన్ పడింది. నేను తప్ప చూసేవాళ్ళు లేరు. శనివారం ఆయన వస్తాడు, శుక్రవారం మా బడికి వారపు సెలవు. ఎక్కించే పనంతా ఆపాకు అప్పజెప్పి సెలవు పెట్టక తప్పలేదు. పక్కన కూర్చోబెట్టుకొని ఒకటికి పదిసార్లు చెప్పాను. ముందు పెన్‌డ్రైవ్ పెట్టి నడిపి చూడాలి. తెర, మౌసు, మీటలు అన్నీ బాగుంటే ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కాలి. లోపల ఉన్నదంతా తుడిచేయనా అని అది అడుగుతుంది. అవునని నొక్కాలి.

"తుడిచేస్తే? అందులో పిల్లల ఫొటోలు, క్వశ్చన్ పేపర్లు?"

"అన్నీ వేరే డిస్కులోకి తీసి బీరువాలో పెట్టిన ఆపా. ఫికర్ చేయకు."

"పక్కా?"

"నా తల మీద ఒట్టు."

బుధవారం సాయంత్రం ఆవిడే ఫోను చేసింది. గొంతులో ఎన్నడూ లేని హుషారు. "అక్కా, ఆరుకు ఆరు నడుస్తున్నయ్! బిల్కుల్ ఫస్ట్ క్లాస్! పిల్లలు ఆఫీసర్ సాబ్ కోసం పేజీలు టైపు చేస్తున్నరు." గురువారం సాయంత్రం మళ్ళీ చేసింది. పిల్లలు తమ గల్లీల గురించి తెలుగులో, ఉర్దూలో రాశారట. అన్నీ తెర మీదే దాచిపెట్టారట. కంప్యూటర్లు ఆపేశానని, ఎవరి పెన్‌డ్రైవ్‌లు వాళ్ళకు థ్యాంక్స్ చెప్పి ఇచ్చేశానని, నావి రెండూ నా సొరుగులో పెట్టానని చెప్పింది. "దువా చేయ్ అక్కా" అంది. నేను ఆసుపత్రి వరండాలో కూర్చొని, బతికాం అనుకున్నాను. అత్తగారికి కట్టు కట్టిన కన్ను తప్ప నాకు ఏ బాధా లేదు.

శనివారం అందరికంటే ముందు బడికి వెళ్ళాను. ఆపా అప్పటికే వచ్చి ఉంది. పండగనాడు వేసే సూటు వేసుకొని, బిస్కెట్ల పొట్లం పట్టుకొని, గుమ్మంలో నిలబడి నవ్వుతోంది. నేను మొదటి కంప్యూటర్ మీట నొక్కాను. నల్లతెర. చాలాసేపటికి పాత విండోస్ మూలుగుతూ పైకొచ్చి, వైరస్ ఉందని పసుప్పచ్చ గుర్తు చూపించింది. రెండోది నొక్కాను. అదే. మూడోది మధ్యలోనే బిగుసుకుపోయింది. ఆరూ నొక్కాను. ఆరూ పాత మొహాలే. పిల్లలు రాసిన పేజీల జాడ ఎక్కడా లేదు.

"ఏం చేసినవ్ ఆపా?"

"నేనేం చేయలే! మొన్న అన్నీ ఉండె! నువ్వు ఏం నొక్కినవ్?"

"నేనా? నేను ఇప్పుడే గదా లోపటికి అడుగు పెట్టిన! ఇన్‌స్టాల్ చేసినవా లేదా?"

"అన్నీ నడిచినయ్ అక్కా, ఇద్దరం ఫోన్‌ల మాట్లాడుకోలే?"

"నడవడం కాదు! తుడిచేయనా అని అడిగితే ఏం నొక్కినవ్?"

ఆవిడ బిస్కెట్ల పొట్లం బల్ల మీద పెట్టింది. తర్వాత చిన్నగా చెప్పింది. ఇన్‌స్టాల్ నొక్కిందట. తుడిచేయనా అని అడిగిందట. వెనక్కి వచ్చేసిందట. ఇంకోసారి ధైర్యం చేసి నొక్కిందట. మళ్ళీ అదే అడిగిందట. లెక్కల సారు ఘజళ్ళు గుర్తొచ్చాయట. "నువ్వు ఒట్టు పెట్టినవ్, నిజమే. కానీ అది మల్లమల్ల అడుగుతుంటే దిల్ నహీ మానా అక్కా, మనసొప్పలే. బడి సామాన్ అది. వేరేవాళ్ళది నా చేతితోని ఎట్ల మిటాయించాలె?" వెనక్కి వచ్చి చూస్తే తెర మీద అన్నీ ఉన్నాయి, అన్నీ పనిచేస్తున్నాయి. ఇక తుడవడం ఎందుకు, తుడవకుండానే పని అయిపోయింది కదా అనుకుందట. నడుస్తున్నదాన్ని కదిలించడమెందుకని బుధవారం రాత్రి ఆపలేదట, తెరలు మాత్రం ఆర్పేసిందట. గురువారం ఆపబోతే ఆ పెన్‌డ్రైవ్ తీసేసి ఎంటర్ నొక్కమని తెర మీద వచ్చిందట.

"అదే తీసెయ్యమన్నది. పని అయిపోయిందని అనుకున్న. అరువు తెచ్చినవి కదా, ఎవరివి వాళ్ళకు ఇచ్చేసిన."

రెండు రోజులు ఆరు కంప్యూటర్లూ పెన్‌డ్రైవ్‌ల మీదనే నడిచాయన్నమాట. ఒక్కటంటే ఒక్కటి లోపలికి ఎక్కలేదు. అలా నడిచేటప్పుడు రాసిందేదీ ఆపేశాక నిలవదు. పిల్లల రాతలు ఆపేసిన క్షణమే గాలికి పోయాయి. నాకు ఒళ్ళు మండిపోయింది. నోటికొచ్చినట్టు అరిచాను. ఏమన్నానో ఇక్కడ రాయను. పాన్ డబ్బా వాడు వినే ఉంటాడు. ఆవిడ కళ్ళనుంచి నీళ్ళు బొటబొటా రాలాయి. అది చూసి కోపం చల్లారలేదు గానీ గొంతు మాత్రం ఆగిపోయింది.

"ఏడుస్తే ఎక్కుతయా అవి? పెన్‌డ్రైవ్‌లు పట్టుకురా, ఉరుకు!"

లెక్కల సారు దగ్గరికి పరిగెత్తింది. ఆయన ఆనందంగా జేబులోంచి తీసి చూపించాడు. గురువారం రాత్రే మేనల్లుడి ఇంటికి పోయి, దాన్ని ఖాళీ చేయించి, అక్కడ దొరికిన ఘజళ్ళు మళ్ళీ నింపుకున్నాడట. హెడ్మిస్ట్రెస్‌ది కూతురు కాలేజీకి పట్టుకుపోయింది. సైన్సు టీచర్‌ది భర్త స్కూటర్ డిక్కీలో ఉంది, స్కూటర్ చార్మినార్ దగ్గర గాజుల దుకాణం ముందుంది. ఆటల టీచర్ పిల్లల్ని తీసుకొని పోటీలకు పోయింది. చివరికి మిగిలినవి నా సొరుగులోని రెండే. రెండు యంత్రాలకు పెట్టి, తుడిచేయనా అంటే అవునని నేనే నొక్కాను. పాత యంత్రాలు కదా, నీలం గీత చీమలా కదలడం మొదలుపెట్టింది.

గీత సగం కూడా రాకుండానే ఆఫీసరు దిగాడు. చెప్పిన టైముకంటే ముందే. సన్నని మనిషి, చేతిలో హెల్మెట్, జుట్టంతా దుమ్ము. హెడ్మిస్ట్రెస్ వెనకాలే వచ్చింది. ఆవిడ మొహం చూస్తే సంగతి అప్పుడే తెలిసినట్టుంది.

"నమస్తే మేడమ్. జర తొందరగ చూపెట్టుండ్రి, ఇంకా రెండు బళ్ళకు పోవాలె." గదంతా ఒకసారి చూశాడు. "గిదేంది? నాలుగు సచ్చిపడి ఉన్నయ్. ఈ రెండు ఏదో గీతలు చూపెడుతున్నయ్. నడుస్తున్నయని రాసి పంపిన్రు గదా?"

హెడ్మిస్ట్రెస్ అందుకుంది. "కరెంటు సార్, వోల్టేజీ బాగా కొట్లాడుతుంది ఈ ఏరియాల. పొద్దుగాల్ల ఒక్కసారే..."

"అవును సార్, వోల్టేజీ" అన్నాను నేను. ఆ గది కోసం అప్పుడు ఎంత పెద్ద అబద్ధమైనా ఆడేదాన్ని.

"కరెంట్ కాదు సాబ్" అని వినిపించింది. గోడకు ఆనుకొని నిలబడ్డ ఆపా ముందుకొచ్చింది. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. "కరెంట్ మంచిగనే ఉంది. నేను చేసిన. గల్తీ నాది."

నేను ఆవిడ చున్నీ లాగాను. ఆవిడ వినలేదు. లిఫ్ట్ మీట నొక్కని మనిషి, పైఆఫీసరు ముందు నిలబడి మొదటినుంచి చివరిదాకా చెప్పుకుంటూ పోయింది. ఘజళ్ళు కూడా వదల్లేదు. హెడ్మిస్ట్రెస్ నుదురు పట్టుకుంది. నేను నేలచూపులు చూస్తున్నాను. ఇక బియ్యం బస్తాలే అనుకున్నాను.

"ఆగుండ్రి, ఆగుండ్రి. ఎక్కకుండ నడిచినయంటరేంది? నాకు సమజ్ కాలె" అన్నాడు ఆఫీసరు.

"లాడ్ బజార్‌ల గాజులు కొన్నరా సాబ్ ఎన్నడన్నా, ఇంట్లవాళ్ళ కోసం?"

"కొన్న."

"దుకాణం ఆయన చేతికి ఎక్కించి చూపిస్తడు. సైజు చూడుమంటడు. చేతిల మెరుస్తుంటే మనవే అనిపిస్తది. కానీ ఇంకా దుకాణానివే. తీసి ఇచ్చేయాలె. నేను తీసి ఇచ్చేసిన, గాజులు నావే అనుకొని ఇంటికి వచ్చిన. పొద్దున చూస్తే చేయి ఖాళీ." తర్వాత గీతలు నడుస్తున్న రెండు యంత్రాల వైపు చూపించింది. "ఇప్పుడు ఇవి నిజంగ కొంటున్నం. గీత చివరిదాకా పోతే మనవి. అప్పుడు బంద్ చేసినా ఏం కాదు."

నేనింతకాలం ఎంతమందికి చెప్పానో, ఇంత తేలిగ్గా ఎన్నడూ చెప్పలేదు. ఆఫీసరు కుర్చీ లాక్కొని గీత ముందు కూర్చున్నాడు.  హెడ్మిస్ట్రెస్ చాయ్ తెప్పించింది. బిస్కెట్ల పొట్లం విప్పక తప్పలేదు. ఆయన చాయ్‌లో బిస్కెట్ ముంచుకుంటూ నన్ను అడిగాడు.

"సరే, ఇవి ఎక్కుతయ్. మిగిలినయి గూడ ఎక్కుతయ్ అనుకుందాం. మీరు ఈ ఎండాకాలం దిగిపోతున్రు. పోస్టు నింపరు, అది నా చేతుల లేదు. అటెన్క ఈ గది ఎవరు చూస్తరు మేడమ్? తాళమేసిన గదిల ఆరు కంప్యూటర్లు నడిస్తే ఎంత, నడవకపోతే ఎంత?"

ఆ ప్రశ్నకు నేను దాచుకున్న జవాబు పక్కనే నిలబడి ఉంది. కానీ ఆ పొద్దున అరిచిన అరుపులకు ఆవిడ పేరెత్తే మొహం నాకు లేదు. ఎత్తినా ఆఫీసరు నవ్విపోతాడు. 

"నేను చూస్త సాబ్" అంది ఆపా.

ఆఫీసరు బిస్కెట్ చాయ్‌లో పడేసుకున్నాడు. "మీరా? ఇప్పుడే గదా ఇంత పెద్ద గల్తీ చేసిన అంటిరి? ఆరు మిషన్లు గంగల కలిపి, మల్ల మీరే నడిపిస్తరా?"

"అందుకే సాబ్. ఈ గల్తీ నాతోని అయిపోయింది. ఇంకెవరినన్నా తెస్తే వాళ్ళు మళ్ళీ మొదటినుంచి చెయ్యాలె."

ఆయన ఆవిడను తేరిపార చూశాడు. తర్వాత భుజాలు కదిలేలా నవ్వాడు. చాయ్‌లో పడ్డ బిస్కెట్‌ను చెంచాతో తీసుకొని తిని, రుమాలుతో మూతి తుడుచుకొని లేచాడు. "ఇన్ని బళ్ళు తిరిగిన మేడమ్. అన్నిట్ల వోల్టేజీ ప్రాబ్లమే" అన్నాడు. హెడ్మిస్ట్రెస్, నేను తలలు దించుకున్నాం. "బియ్యానికి వేరే జాగ చూడమని రాస్త. నెల తర్వాత చెప్పకుండ వస్త. ఆరు నడవాలె, ఈమెనే నడిపియ్యాలె." హెల్మెట్ పెట్టుకొని వెళ్ళిపోయాడు.

నేను ఆపాను గట్టిగా పట్టుకొని ఏడ్చాను. ఎవరినీ తిట్టకుండా ఏడవడం నాకు అదే మొదటిసారనుకుంటాను. మిగిలిన నాలుగూ ఆవిడే ఎక్కించింది. తుడిచేయనా అన్నప్పుడల్లా బిస్మిల్లా అని కళ్ళు మూసుకొని నొక్కింది. ఆఫీసరు చెప్పినట్టే చెప్పకుండా వచ్చి చూసి వెళ్ళాడు. నేను ఎండాకాలంలో దిగిపోయాను.

ఇప్పుడు ఇంట్లో కూర్చుంటే నాకు తోచదు. మొన్నామధ్య బడివైపు వెళ్ళాను. కొత్తగా ఆరో తరగతికొచ్చిన పిల్లలకు ఆపా మొదటి పాఠం చెబుతోంది. పాత పిల్లల రాతలన్నీ ముందే వేరే డిస్కులోకి తీసి, ఈ పాఠం కోసమే మళ్ళీ కొత్తగా ఎక్కిస్తుందట. పెన్‌డ్రైవ్ పెట్టి, ఎక్కించకుండా నడిపి, అందరినీ తలా ఒకసారి తమ పేరు టైపు చేసి దాచుకోమంది. పిల్లలు పోటీపడి టైపు చేశారు. నన్ను చూసి, "అక్కా, నువ్వూ చెయ్యి" అంది. నేనూ ఒక కంప్యూటర్ ముందు కూర్చొని నా పేరు తెలుగులో టైపు చేశాను. అందరివీ ఆపించింది. మళ్ళీ నడిపించింది. పేర్లు లేవు. పిల్లలు లబోదిబోమన్నారు. "మిస్, నాది పోయింది! మిస్, నాది గూడ!"

ఎందుకు పోతుందో నాకు తెలియదా? దాని గురించే కదా ఆ రోజు బడి అదిరేలా అరిచాను. అయినా అన్నేళ్ళు పని చేసిన గదిలో నా పేరు అలా మాయమైతే గుండె కలుక్కుమంది. నేను పిల్లలకంటే ఎక్కువసేపు ఆ ఖాళీ తెరనే చూస్తూ ఉండిపోయాను.

ఆపా వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. పిల్లలకు వినబడకుండా చెప్పింది. "ఈ బాధ ఒక్కసారి తగిలితే జిందగీల మరవరు అక్కా. పాఠం గిదే. ఇప్పుడు ఎక్కిద్దాం, మళ్ళీ రాయి."

నా ముందున్న తెర మీద ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కింది. తుడిచేయనా అని అడిగింది కంప్యూటర్. ఆవిడ కళ్ళు మూసుకోలేదు, నావైపు చూడనూ లేదు, అవునని నొక్కింది. గీత చివరిదాకా వచ్చాక పెన్‌డ్రైవ్ పీకేసి కంప్యూటర్‌ను మళ్ళీ లేపింది, నేను నా పేరు మళ్ళీ టైపు చేశాను. పిల్లలు చుట్టూ మూగి, పోతుందా ఉంటుందా అని ఊపిరి బిగబట్టి చూస్తుంటే, ఆపా కంప్యూటర్ ఆపేసి మళ్ళీ మీట నొక్కింది.

ఉంది.